మా అమ్మాయి పేరు మీద నేను ఒప్పుకున్న నేరం

మీరు ఒప్పుకోని నేరాన్ని మీ తరఫున ఇంకెవరో ఒప్పేసుకుని, జరిమానా కూడా కట్టేసి, మీకు మేలు చేశాననుకుంటే ఆ మనిషిని మీరేమంటారు? తొందరపడి జవాబు చెప్పకండి. ఆ మనిషి మీ అమ్మ కావచ్చు. మా ఇంట్లో ఆ మనిషిని నేనే.

మేం ఉండేది అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఇరవై ఏళ్లు, నర్సింగ్ చదువుతోంది. జూలైలో ఒక సాయంత్రం ఇంటికొచ్చి ఒక పొడవాటి కాగితం డైనింగ్ టేబుల్ మీద పెట్టింది.

"అమ్మా, ఐ గాట్ ఎ టికెట్. స్పీడింగ్."

దెబ్బ తగిలిందా అని నేను అడగలేదు. ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది అనీ అడగలేదు. నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న ఇది: "ఎవరైనా చూశారా?"

"పోలీస్ చూశాడు. అందుకే కదా టికెట్ ఇచ్చాడు."

"అది కాదు. మనవాళ్లెవరైనా?"

"అమ్మా, ఇట్స్ ఎ రోడ్. అందరూ చూస్తారు." తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను కోర్ట్‌కి వెళ్తా. ఇది ఫెయిర్ కాదు. నీకు ఒకటి చూపిస్తా, చూడు." ఫోన్ తీసింది. తర్వాత చూస్తానని చెప్పి నేను కుక్కర్ దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ రోజు నా చెవికి ఒక్క మాటే వినిపించింది: కోర్ట్. కోర్టు మెట్లెక్కిన ఇల్లంటే మనవాళ్లు పిల్లనివ్వడానికీ, ఇల్లు అద్దెకివ్వడానికీ వెనకాడేవాళ్లు. ఆ భయాన్ని సముద్రం దాటించి ఇక్కడికి కూడా తెచ్చుకున్నాం. ఇక్కడ మనవాళ్లకు ట్రాఫిక్ టికెట్ వస్తే ఏం చేస్తారో నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. వచ్చిన రోజే ఆన్‌లైన్‌లో కట్టేస్తారు, ఎవరికీ చెప్పరు. కట్టేస్తే పోయిందనుకుంటారు. పార్టీల్లో పిల్లల మార్కులు వినిపిస్తాయి, ఇంటి ధరలు వినిపిస్తాయి. టికెట్ల గురించి ఎవరూ నోరు విప్పరు. వీసా కోసమో గ్రీన్‌కార్డు కోసమో ఎదురుచూసేవాళ్లయితే ఇంకా తొందర. చేతికి మురికి అంటితే కడిగేసుకున్నట్టు.

ఆ ఇరవై ఏళ్లుగానే నేను మూఢనమ్మకాల మీద రాస్తున్నాను, సభల్లో వాదిస్తున్నాను. అమ్మాయి ఇప్పుడు నడుపుతున్న ఈ కారు కొన్న రోజు డీలర్ పార్కింగ్ లాట్‌లో మా స్నేహితురాలు నాలుగు నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టబోతే ఆపాను. నిమ్మకాయ నలిగితే బ్రేకు ఎలా గట్టిపడుతుందో చెప్పమని అక్కడే అడిగాను. డీలర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు చాలా రోజులు గర్వంగా ఉండేది.

టికెట్ వచ్చిన మర్నాడు పొద్దున అమ్మాయి బయటికి వెళ్లగానే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. టికెట్ నంబరు కొట్టాను. లైసెన్సు వివరాలు ఇంట్లో ఫైలులో ఉన్నాయి. స్క్రీన్ మీద ఒక పేరా చిన్న అక్షరాల్లో వచ్చింది, దాని పక్కన ఒక చిన్న గడి. గడిలో టిక్ పెట్టాను. డబ్బు కట్టాను. రసీదు ప్రింట్ తీసి ఫైలులో పెట్టాను. పూర్తిగా చదవనిదే ఎదుటివాడి కాగితానికి జవాబివ్వకూడదని చర్చావేదికల్లో కుర్రకారుకు నేర్పిన మనిషిని. ఆ పేరా నేను చదవలేదు.

సాయంత్రం అమ్మాయికి చెప్పాను. "అయిపోయింది. నేను కట్టేశాను."

"ఓకే," అని పైకి వెళ్లిపోయింది. ఆ ఓకేను నేను థాంక్స్ అనుకున్నాను.

ఆగస్టు గడిచింది. సెప్టెంబర్, అక్టోబర్ గడిచాయి. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడాన్నే నేను రుజువుగా తీసుకున్నాను. పూజ చేయించాం, ఏ ఆపదా రాలేదు, కాబట్టి పూజ పనిచేసింది అని వాదించేవాళ్ల తర్కం ఇదే. దాన్ని సభలో ఎవరైనా నా ముందు పెట్టి ఉంటే ఊరుకునేదాన్ని కాదు. నిజానికి ఇన్సూరెన్స్ కంపెనీ మన రికార్డును రోజూ చూడదు. పాలసీ రెన్యువల్‌కి వచ్చినప్పుడు చూస్తుంది. మాది ఆరు నెలల పాలసీ, తర్వాతి రెన్యువల్ జనవరిలో.

డిసెంబర్ చివర్లో కవరొచ్చింది. మా ఇద్దరి పేర్లు, అమ్మాయి పేరు, రెండు కార్లు, అన్నీ ఒకే పాలసీలో ఉన్నాయి. మా ఆయన కవరు చించి చదివి, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చదివాడు. పాత ప్రీమియానికీ కొత్త ప్రీమియానికీ తేడా మా నెల అద్దెలో సగానికి పైనే ఉంది. పన్నెండు రోజుల్లో కట్టాలి.

కంపెనీకి ఫోన్ చేశాను. ఒక ఆవిడ ఎత్తింది. మర్యాదగా, నిదానంగా మాట్లాడింది. కారణం అడిగాను.

"మీ అమ్మాయి రికార్డులో వేగం కేసు రుజువైనట్టు ఉందండీ. లైసెన్సు మీద తప్పుల లెక్కకు వేసే పాయింట్లు పడ్డాయి. చిన్న వయసు డ్రైవర్‌కి మామూలుగానే రేటు ఎక్కువ. దానికి ఇది తోడైంది. రికార్డు శుభ్రంగా ఉన్నందుకు ఇచ్చే డిస్కౌంట్ కూడా పోయింది."

"ఇది ఎన్నాళ్లుంటుంది?"

"సాధారణంగా మూడేళ్లు చూస్తాం. ప్రతి రెన్యువల్‌కీ."

"జరిమానా కట్టేశాం కదండీ. మళ్లీ ఈ శిక్ష ఏమిటి?"

"మేం శిక్ష వేయడం లేదండీ. రేపు ప్రమాదం జరిగే అవకాశం ఎంతో అంచనా వేస్తున్నాం. మా దగ్గరున్న కాగితాన్ని బట్టి."

గ్రహాలను బట్టి కాకుండా సాక్ష్యాన్ని బట్టి అంచనా వేయమనే కదా నేను ఇన్నేళ్లూ అరిచింది. కానీ సాక్ష్యం తప్పయితే అంచనా కూడా తప్పుతుంది. ఆ సాక్ష్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకప్పుడే అర్థమవసాగింది.

"ఆమె నేరం ఒప్పుకున్నట్టు రికార్డులో ఉందండీ," అన్నదావిడ.

"ఆమె ఒప్పుకోలేదు."

"మరి ఎవరు ఒప్పుకున్నారు?"

ఫైలులోంచి రసీదు తీసి చూశాను: చదవకుండా నేను టిక్ పెట్టింది నేరం ఒప్పుకుంటున్నాననే పేరాకే. అవతల ఆవిడ ఇంకో దారి చెప్పింది. అమ్మాయిని పాలసీలోంచి మినహాయించవచ్చు. అప్పుడు రేటు తగ్గుతుంది. కానీ ఆ తర్వాత ఆమె మా రెండు కార్లలో దేన్నీ నడపకూడదు. ఒక్కసారి కూడా.

జనవరి మూడో వారం నుంచి అమ్మాయికి క్లినికల్స్. అంటే ఆసుపత్రిలో రోగుల దగ్గర చేసే శిక్షణ డ్యూటీ. వారానికి మూడు రోజులు, పొద్దున ఆరున్నరకల్లా వార్డులో ఉండాలి. ఆ ఆసుపత్రికి ఆ వేళలో రైలు లేదు, బస్సు లేదు. రెండు రోజులు మానేస్తే ఆ టర్మ్ పోయినట్టే. ఆ టర్మ్ మళ్లీ ఏడాదికి గాని రాదు.

మా ఆయన ఆ రాత్రి భోజనాల దగ్గర కవరు ముందు పెట్టుకున్నాడు. "పాలసీలోంచి తీసేద్దాం. ఆరు నెలలేగా. ఊబర్‌లో వెళ్తుంది."

"ఆ టైంలో ఊబర్ రాకపోతే?" అన్నాను.

"నువ్వు దింపు."

"నాకు ఏడింటికల్లా స్కూల్లో డ్యూటీ. ఆ ఆసుపత్రికి వెళ్లిరావడానికే రెండు గంటలు."

"నేను ఇక్కడే ఉన్నా," అంది అమ్మాయి. "మీ ఇద్దరూ నా గురించి నేను లేనట్టు మాట్లాడుతున్నారు."

మా ఆయన కవరు పక్కకు జరిపాడు.

"నేను ఫైట్ చేస్తా అన్నా. జూలైలో చెప్పా. అమ్మా, యూ ప్లెడ్ గిల్టీ ఫర్ మీ. నా పేరుతో. నన్ను అడగకుండా."

"నీ మంచికే..."

"నువ్వు అందరికీ చెప్తావు కదా, ప్రూఫ్ అడగండి అని. నా దగ్గర ప్రూఫ్ ఉంది. నువ్వు చూడలేదు. నువ్వు కుక్కర్ చూసుకున్నావు."

ఫోన్ నా ముందుకు జరిపింది. ఫోటోలో రోడ్డు పక్కన ఒక మేపుల్ చెట్టు. కొమ్మ నిండా ఆకులు. ఆకుల వెనక ఒక తెల్లటి బోర్డు అంచు కనిపిస్తోంది, దాని మీది అంకెల అడుగుభాగం మాత్రమే. ఫోటో తీసిన తేదీ, వేళ ఉన్నాయి. పోలీసు వెళ్లిపోయిన పది నిమిషాలకు తీసింది.

"నేను స్లోగా వెళ్లా అనట్లేదు. నలభై ఎనిమిది మైళ్ల స్పీడ్‌లో ఉన్నా. వెనకాల అంతా ఫిఫ్టీ జోన్. సడన్‌గా థర్టీ ఫైవ్. ఆ బోర్డ్ ఇది. ఇప్పుడు వెళ్తే కనిపిస్తుంది, ఆకులు పడిపోయాయి కదా. అప్పుడు కనిపించలే."

నేను ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. అన్నం చల్లారిపోయింది.

మర్నాడు మా స్నేహితురాలు వచ్చింది. కరీంనగర్ వైపు మనిషి, నన్ను అక్కా అంటుంది. నిమ్మకాయలు తెచ్చింది ఈమే. విషయం దాచే ఓపిక నాకిక లేదు. మొత్తం చెప్పాను.

"గింత దానికి ఇంత పరేషాన్ ఎందుకక్కా," అంది. "పెన్సిల్వేనియాల మా మరిది ఉన్నడు. పిల్ల ఆడ ఉంటది, బండి ఆడనే పెడతదని రాయి. ఆ రాష్ట్రంల ఇన్సూరెన్స్ తక్కువ, రేటు మస్తు తగ్గుతది. మనోళ్లు ఎంతమంది చేస్తలేరు?"

"బండి ఇక్కడే ఉంటుంది కదా."

"ఉంటే ఎవడు చూడొచ్చిండు?"

"యాక్సిడెంట్ అయిన రోజు వస్తారు. చిరునామా అబద్ధమని తేలితే పైసా ఇవ్వరు."

"నోటి నుంచి మంచిమాట రాదు నీకు. అందుకే అన్న ఆ రోజు, నిమ్మకాయలు తొక్కియ్యమని."

"నిమ్మకాయలకు డిస్కౌంట్ ఉందేమో కంపెనీవాళ్లను కనుక్కుంటాను."

"నవ్వు, నవ్వు. అడ్రస్ అయితే రాసుకో."

రాసుకున్నాను. దాచి ప్రయోజనం లేదు. కంపెనీ పంపిన కవరు వెనకే రాసుకున్నాను. ఇంటి నంబరు, వీధి, ఊరు. ఒక పూటంతా ఆ కవరు టేబుల్ మీదే ఉంది. దాన్ని దాటిన ప్రతిసారీ మనసులో లెక్క వేసుకున్నాను. ఇది నలుగురూ చేస్తున్నదే, ఎవరికీ నష్టం లేదు, పిల్ల చదువు ఆగదు. ఇవన్నీ నేను ఎదుటివాళ్ల నోట విని ఖండించిన వాదాలే. నా తలలో అవి ఎంత సాఫీగా నడిచాయో చెప్పలేను. మొదటి అబద్ధం నేను చదవకుండా చేసింది. ఇది చదివి, తెలిసి, చేయబోతున్నది.

సాయంత్రం అమ్మాయి ఆ కవరు చూసింది. వెనక్కి తిప్పి చదివింది. "ఇది ఎవరి అడ్రస్?" అంది. చెప్పాను. ఆమె కోప్పడలేదు. కవరు అక్కడే పెట్టి, "నేను కోర్ట్ ఆఫీస్‌కి కాల్ చేశా," అంది. "ప్లీ, అంటే నువ్వు ఒప్పుకున్నది, వెనక్కి తీసుకోవాలంటే జడ్జికి లెటర్ రాయాలి. ఎవరు పే చేశారో వాళ్లు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. నువ్వు."

మా ఆయన విన్నాడు. "రాసిచ్చావంటే నీ మీదికే వస్తుంది. ఇంకొకరి పేరుతో సంతకం పెట్టినట్టే కదా అది. సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది నీది."

ఆ భయం అబద్ధం కాదు. ఏం జరుగుతుందో మా ముగ్గురికీ తెలియదు. వకీలును అడిగే టైమూ లేదు, రెన్యువల్‌కు తొమ్మిది రోజులే ఉన్నాయి. నేను రాయడానికి కూర్చున్నాను. మొదటి ప్రతి రెండు పేజీలొచ్చింది. అందులో మన సమాజానికి కోర్టుల పట్ల ఉన్న భయం ఉంది, దాని చరిత్ర ఉంది, పరువు అనే భావన మీద ఒక పేరా ఉంది.

అమ్మాయి చదివి పక్కన పెట్టింది. "అమ్మా, ఇది ఎస్సే కాదు. నువ్వు ఏం చేశావు? అది రాయి. అంతే."

నాలుగు వాక్యాలు మిగిలాయి. టికెట్ నా కూతురిది. ఆమెకు చెప్పకుండా, ఆమె పేరుతో నేను ఒప్పుకున్నాను. ఆ పేరా నేను చదవలేదు. ఆమె మొదటి నుంచీ కోర్టుకు వెళ్తాననే చెప్పింది. నేనింతవరకు రాసినవాటిలో అంత కష్టపడి రాసింది లేదు.

విచారణ రెన్యువల్ తేదీకి రెండు రోజుల ముందు పడింది. వీడియోలో. ఏ గడప తొక్కకూడదని నేను నేరం ఒప్పేసుకున్నానో ఆ కోర్టు మా డైనింగ్ టేబుల్ మీదికే వచ్చింది. స్క్రీన్ నిండా చిన్న చిన్న గళ్లు. ఒక గడిలో ట్రక్కులో కూర్చున్న మనిషి, ఒక గడిలో వంటింట్లో నిలబడ్డ ఆడమనిషి. గంటన్నర ఎదురుచూశాం. మధ్యలో ఇద్దరు మనవాళ్లు వచ్చారు. యాస వినగానే తెలిసిపోయింది. ఇస్త్రీ చొక్కాలు, వెనక ఖాళీ గోడ. జడ్జి ప్రశ్న పూర్తి కాకముందే గిల్టీ, యువర్ ఆనర్ అనేసి, థాంక్స్ చెప్పి, మాయమైపోయారు. ఏం జరిగిందో చెప్పమని వాళ్లలో ఎవరూ అడిగించుకోలేదు.

మా వంతు వచ్చింది. జడ్జి నా కాగితం చదివి తలెత్తాడు.

"ఈ ఒప్పుకోలు నమోదు చేసింది మీరా?"

"అవును."

"మీ అమ్మాయికి తెలుసా?"

"ముందు తెలియదు. కట్టాక చెప్పాను."

"మీరు టిక్ పెట్టిన దానిలో ఏముందో చదివారా?"

మా ఆయన కెమెరాకు అందకుండా ఫ్రిజ్ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన వైపు చూడకుండా చెప్పాను. "చదవలేదు."

"ఆమె మేజర్. ఆమె బదులు మీరు ఒప్పుకోవడానికి వీల్లేదు. ఇది చాలా తీవ్రమైన విషయం. అర్థమైందా?"

"అర్థమైంది. కానీ యువర్ ఆనర్, మా వాళ్లలో..."

"మేడం, దయచేసి కెమెరా ముందు నుంచి లేవండి. నేను డ్రైవర్‌తో మాట్లాడాలి."

లేచాను. వెళ్లి మా ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన నా మోచేయి పట్టుకున్నాడు, ఓదార్పుకో, ఆపడానికో తెలియలేదు.

అమ్మాయి మాట్లాడింది. తన వేగం ఎంతో తనే చెప్పింది. ఫోటో ముందే పంపానని, తేదీ చూడమని చెప్పింది. ప్రాసిక్యూటర్ కాసేపు తన స్క్రీన్ మీదికి వంగి చూశాడు. కేసు తిరిగి తెరవడానికి అభ్యంతరం లేదన్నాడు. జడ్జి పాత ఒప్పుకోలు రద్దు చేశాడు. అప్పుడు ప్రాసిక్యూటర్ ఇంకో మాటన్నాడు. వేగం కేసు బదులు పాయింట్లు లేని చిన్న నేరం ఒప్పుకుంటే ముగించవచ్చు. జరిమానా మాత్రం మొదటిదానికన్నా ఎక్కువ.

ఒప్పుకో అని నా గొంతు దాకా వచ్చింది. మా ఆయన చేయి బిగిసింది.

"కెన్ ఐ హావ్ ఎ మినిట్?" అంది అమ్మాయి. తర్వాత అడిగింది: "నా రికార్డులో ఇది స్పీడింగ్ అని ఉంటుందా?"

"ఉండదు."

"నా ఇన్సూరెన్స్ దీన్ని ఎలా చూస్తుంది?"

"అది మీ కంపెనీని అడగాలి. వాళ్ల తరఫున నేను మాట చెప్పలేను."

ఆమె రెండు చేతులూ టేబుల్ మీద పెట్టుకుని ఆలోచించింది. ఆ నిశ్శబ్దాన్ని నింపాలని నాకు ఒళ్లంతా దురద పుట్టింది. అది ఆమె నిశ్శబ్దం. జూలైలో నేను లాక్కున్నది దాన్నే.

చివరికి ఒప్పుకుంది. చేసినంతవరకే, తన నోటితో.

రికార్డు మారడానికి వారాలు పట్టింది. ఆలోపు రెన్యువల్ పెరిగిన రేటుకే జరిగింది. ఆమెను పాలసీలోంచి తీయలేదు. నెలవారీ వాయిదాలకు మార్చుకుని మొదటి వాయిదా కట్టాం. క్లినికల్స్ మొదలైన రోజు ఐదింటికే కారు తీసుకుని వెళ్లింది. ఆ టర్మ్‌లో ఒక్క రోజు కూడా మానలేదు. కంపెనీకి ఆమే ఫోన్ చేసింది. అవతలివాళ్లు చెప్పింది నాకు వినిపించేలా స్పీకర్ పెట్టింది: రికార్డు మారినా మేం మాకై మేం వెనక్కి వెళ్లి చూడం, మీరు అడిగితేనే రేటు మళ్లీ వేస్తాం. అడిగింది. మార్చిలో కొత్త కాగితం వచ్చింది. పాత రేటు రాలేదు, పోయిన డిస్కౌంట్ ఇంకా తిరిగి రాలేదు. మేం మోయగలిగినంతకు దిగింది. నా స్టేట్‌మెంట్ వల్ల నాకు ఇప్పటివరకు ఏ నోటీసూ రాలేదు. వస్తే జవాబు చెప్పాలి.

ఇన్సూరెన్స్ లాగిన్, లైసెన్సు కాగితాలు ఇప్పుడు అమ్మాయి దగ్గరే ఉన్నాయి. "నీకు యాక్సెస్ లేదు, సారీ," అంది. నేను సరే అన్నాను.

మీలో చాలామంది ఈపాటికి మీ కథ వేరనుకుంటూ ఉంటారు. కాదు. మీ మెయిల్‌లో ఒక రసీదు ఉంది. మీ భార్య పేరు మీదో, మీ కొడుకు పేరు మీదో, మీరు నొక్కిన గడి ఉంది. వెతికి తీయండి. ఆ పేరున్న మనిషిని పిలిచి ఆ కాగితం చేతికివ్వండి. ఏం ఒప్పుకున్నారో ఇద్దరూ కలిసి చదవండి. తిరగదోడే వీలుందేమో కోర్టుకు వాళ్లనే ఫోన్ చేయనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. వాళ్లు ఆలోచించుకుంటున్నంతసేపు నోరు మూసుకోండి. వచ్చే ఆదివారం పదిమంది కలిసిన చోట, మీ ఇంటికి టికెట్ వచ్చిందని గట్టిగా చెప్పండి.